రేణిగుంట ట్యాంకుకీ అక్క మిద్దెకీ నడుమ

నాకు ఇనప నిచ్చెన మీదే నడివయసు వచ్చేసింది. తిరుపతిలో జనం తెల్లారి లేస్తానే కొండ పక్క తిరిగి దండం పెట్టుకుంటారు. నేను లేస్తానే మిద్దెక్కి, రాత్రి గాలికి ఏ డిష్షు ఏ పక్కకి మళ్ళుకోనుండాదో అని టవర్ల పక్క చూసేవాణ్ణి. తాడిచెట్టు ఎందుకెక్కినావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడంట ఒకడు. నన్నడిగింటే నాకు ఆ మాత్రం జవాబు గూడా ఉండేది కాదు. మోకాళ్ళు పోయినాయి, మెడ పోయింది, ఎండకి మొహం మాడిపోయింది. "మీరు చదివింది ఇంజనీరింగా, కొబ్బరికాయలు దింపే పనా?" అని మా ఇంటామె అడిగేది. ఆమె అడిగేదాంట్లో తప్పేమీ లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేనూ ఇంకొకాయనా కలిసి ఇంటర్నెట్ కంపెనీ పెట్టినాము. ఆయన అంతకు ముందు కేబుల్ టీవీ నడిపినోడు. నేను ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసి వచ్చినోణ్ణి. కంపెనీ అంటే అది పెద్ద మాటలే. రేణిగుంటలో ఒక గోడౌను యజమానిని బతిమాలి, ఆయన నీళ్ళ ట్యాంకు పైన ఒక పైపు నిలబెట్టుకున్నాము. మద్రాసు పక్క నుంచి వచ్చే లైను ఆ గోడౌను మూలగదిలోకి దింపుకున్నాము. ట్యాంకు పైనుంచి మేము గాల్లో నెట్టు పంపిస్తే లాడ్జీలోళ్ళూ, ఫ్యాక్టరీలోళ్ళూ వాళ్ళ మిద్దెల మీద చిన్న డిష్షు పెట్టుకొని పట్టుకోవాల. అంతే మా యాపారం. వైరు పోలేని కాడికి మా నెట్టు పోతాదనేదే మా గొప్ప.

పెట్టెలు ఏవి కొనాల, ఏ బాండులో, అంటే గాల్లో ఏ దారిలో, నడపాల అనేదాని మీద మా ఇద్దరికీ జరిగినంత రచ్చ అన్నదమ్ముల భాగాల కాడ గూడా జరగదు. గాల్లో ఉండే దారులన్నీ మనవి కావు. శానా వాటిని ఢిల్లీ అనుమతి లేకుండా తొక్కకూడదు. మా మాదిరి చిన్నోళ్ళకి వదిలిపెట్టినవి రెండు: టూ పాయింట్ ఫోర్ ఒకటి, ఫైవ్ ఎయిట్ ఒకటి. టూ పాయింట్ ఫోర్ పెట్టెలు చవక. నాలుగు ఆకులు అడ్డమొచ్చినా ఎట్టో ఒకట్ట దూరి పోతాది. కానీ ఊరందరూ దాంట్లోనే ఉండారు. రేణిగుంట గోడౌన్లలో వాళ్ళ సొంత పెట్టెలు దాంట్లోనే, తిరుపతి లాడ్జీల్లో ఎవురికి వాళ్ళు తగిలించుకునేటివీ దాంట్లోనే. బ్రహ్మోత్సవాలప్పుడు బస్టాండు మాదిరి ఉంటాది, ఎవురి మాట ఎవురికీ వినపడదు. ఫైవ్ ఎయిట్ అట్ట గాదు, ఖాళీ రోడ్డు. దానికుండే రోగం ఒకటే. ఈ డిష్షుకి ఆ డిష్షు ఎదురుగా కనపడాల. నడుమ చెట్టు అడ్డమొస్తే అలిగి కూసుంటాది.

"చవకగా పోదామబ్బా, టూ పాయింట్ ఫోరే పెడదాం, మనకేం తక్కువ?" అనేవాడు మా కేబులాయన.

"నువ్వు కేబులు బుద్ధి మానుకో అప్పా. ఈ పొద్దు చవకని పెడతావు, రేపు ఫోనెత్తి తిట్లు తినేది నేను" అనేవాణ్ణి. నాకు కోపం ముక్కు మీదుండేది. చదువుకున్నోణ్ణని ఒక పొగరు గూడా ఉండేది. ఆ రచ్చల్లో నూటికి తొంభై సార్లు నేనే గెలిచేవాణ్ణి. గెలిచినంత మాత్రాన నా లెక్క సరైందని గాదు, ఆయన గొంతు నాకంటే చిన్నది.

ఇంక అక్క సంగతి చెప్పాల. మా అక్క నాకంటే నాలుగేండ్లు పెద్ద. సత్యవేడు కాడికి ఇచ్చినారు. పెండ్లయిన ఆరేండ్లకి బావ జబ్బుజేసి పోయినాడు. పిల్లల్లేరు. ఆ ఇంట్లో పదకొండు మంది, పదకొండు మందికీ వంట ఆమెదే. ఎవురూ తిట్టేవాళ్ళు కాదు, కొట్టేవాళ్ళు కాదు. ఊరికినే, ఒక మనిషి ఆడ ఉండాదనే గురుతే ఎవురికీ ఉండేది కాదు. "ఉప్పు తక్కువయింది" అనేదే వాళ్ళు ఆమెతో మాట్లాడే పెద్ద మాట. మా ఇంటికొచ్చేయమని నేను అడిగినాను. "ఆడైతే వాళ్ళకి వండతా, ఈడైతే నీ పెండ్లానికి వండి పెడతా. పొయ్యి మారతాది, అంతే గదరా" అనింది.

ఆమె ఇంటర్ చదివింది, టైపు పాసయింది. నెట్ సెంటర్ పెట్టుకుంటానని ఆమే అడిగింది. రేణిగుంటకి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో మండలాఫీసుండే ఒక ఊర్లో, మూడు రోడ్ల కూడలి కాడ, మిద్దెమీద గది ఒకటి ఖాళీగా ఉండింది. ముందర అంగడి, ఎనకాల ఒక మూల పొయ్యి, చాప. ఒక్క మనిషికి అది చాలు. ఆ ఊర్లో టెలిఫోన్ వైర్లు నాలుగు చినుకులు పడితే చచ్చి ఊరుకుంటాయి, వాటిమీద నెట్టు రాదు. మా ట్యాంకు నుంచి వచ్చేదే ఆమెకి దిక్కు.

ఆమె మరిది ఒప్పుకున్నాడు గానీ నలుగురి ముందర ఒక మాట అడిగినాడు. "నడిచినన్నాళ్ళు నడుపుకో వదినా, మేమేమీ అడ్డం రాము. మూతబడిన రోజు మాత్రం మారు మాట్లాడకుండా ఇంటికి రావాల. యాడో ఒంటరిగా ఉండాదని మమ్మల్ని నలుగురూ అనగూడదు." అక్క సరేననింది. అంటే, ఆ నెట్టు నిలబడితే ఆమె ఆ గదిలో ఉంటాది, పడిపోతే ఆ పదకొండు మంది వంట కాడికి పోతాది. ఆ మాట నా ముందరే జరిగింది. నేను గూడా తలకాయ ఊపినాను.

ట్యాంకుకీ ఆ మిద్దెకీ నడుమ అడ్డమేమన్నా ఉండాదా అని చూసేదానికి పోయింది ఎండాకాలం మొదట్లో. కేబులాయన ట్యాంకు మీద, నేను కింద మోటార్ సైకిల్ మీద దారెంబడి, అక్క మిద్దె మీద అద్దం పట్టుకొని. ఎండకి అద్దం తిప్పితే తొమ్మిది కిలోమీటర్ల అవతల గూడా తళుక్కుమంటాది. అప్పట్లో మాకు అదే పెద్ద మిషను. ట్యాంకు మీద నుంచి ఆయన, "కనపడతా ఉండాదబ్బా! ముక్కుపుడక మాదిరి మెరస్తా ఉండాది!" అని ఫోన్లో అరిచినాడు.

అక్క మిద్దెకి అర కిలోమీటరు ముందర ఒక నీలగిరి తోట ఉండింది. ఉండింది అంటే, ఆ వారమే కొట్టేసినారు. కాయితాల ఫ్యాక్టరీకి పొయ్యే లారీ ఒకటి కట్టెలు నింపుకుంటా దారికి అడ్డంగా నిలబడింది. నేను దాని పక్కనే మోటార్ సైకిల్ ఆపి, బీడీ తాగే కూలోళ్ళతో మాట్లాడినాను. నా కండ్ల ముందర నాలుగైదు ఎకరాల మోళ్ళు. తెల్లగా, అప్పుడే కోసిన వాసన గూడా పోలా. ఫోన్లో చెప్తే కేబులాయన, "చూసినావా, మనకోసరం దేవుడే దారి కొట్టించినాడు" అన్నాడు. నేను నవ్వినాను. ఆ సాయంత్రం అక్క మిద్దె మీద టెంకాయ కొట్టి ఫైవ్ ఎయిట్ పెట్టెలు తగిలించేసినాము.

మా నాయన రైతు. కేబులాయన వాళ్ళ నాయన గూడా రైతే. కార్వేటినగరం పక్క వాళ్ళ చేను గట్టున నీలగిరి చెట్లు వరసగా ఉండేవంట. చిన్నప్పుడు మేమిద్దరమూ ఆ ఆకు నలిపి జలుబుకి వాసన పట్టినోళ్ళమే. నీలగిరి కొడితే చావదు, మోడు నుంచి మళ్ళా లేస్తాదని మాకెవురూ చెప్పనక్కర్లేదు. అయినా ఆ పొద్దు మా ఇద్దరికీ ఆ ముక్క తట్టలా. చేతిలో మిషన్లు పట్టుకున్నాక మేము రైతు బిడ్డలమనేది మర్సిపోయినామేమో. ఇప్పుడు తల్చుకుంటే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తాది.

రెండేండ్లు నిక్షేపంగా నడిచింది. పది పరీక్షల రిజల్టులంటే ఆ మెట్ల మీద కాలు పెట్టేదానికి సందుండేది కాదు. రైలు టికెట్లు, హాల్ టికెట్లు, పాసుపోర్టు ఫారాలు. కువైట్లో ఉండే మొగుళ్ళకి ఫోటోలు పంపే ఆడోళ్ళు శానామంది వచ్చేవాళ్ళు. ఊరంతా ఆమెని నెట్టక్క అనేవాళ్ళు. ముసిలోళ్ళు గూడా నెట్టక్కే. ఒకసారి నేను పోయేసరికి ఆమె కుర్చీలో కూసోని, కాలు మీద కాలేసుకొని, ఒక మాస్టరుని "మీరు కొంచేపు ఆగండి సార్, ఈయన ముందొచ్చినాడు" అంటా ఉండాది. మా అక్క ఒక మొగోణ్ణి ఆగమనడం నేను పుట్టిన కాన్నుంచి చూడలా. ఆ పొద్దు నాకు ఎంత సంతోషమయిందో! టవరెక్కిన నొప్పులన్నీ ఆ పూటకి మర్సిపోయినాను.

మూడో ఏడు కార్తీక మాసం వానల్లో మొదలయింది. గాలొస్తే నెట్టు పోతాది, గాలి నిలబడితే వస్తాది. వాన పడినంక రెండు గంటలు పోతాది. నేను కనెక్టర్లు మార్చినాను. వాటికి టేపు చుట్టినాను, దానిమీద ఇంకో టేపు చుట్టినాను. కేబులు మార్చినాను. అక్క మిద్దె మీద డిష్షుని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పి తిప్పి చేతులు పుండ్లు పడినాయి. సిగ్నలు రీడింగు రోజురోజుకీ దిగిపోతానే ఉండింది. పెట్టె తయారుచేసినోడిని తిట్టినాను, అమ్మినోడిని తిట్టినాను, కరెంటోళ్ళని తిట్టినాను. కేబులాయనని గూడా వదల్లా. "అంతా నీ కేబులు చేతిపని" అని ఆయన మీద ఎగిరినాను.  వారానికి మూడు సార్లు పోతా ఉంటి. పోయినప్పుడల్లా అక్క కాఫీ ఇచ్చేది, "నిదానంగా చూడు రా, పరవాలేదు" అనేది. ఎనక కుర్చీలన్నీ ఖాళీగా ఉండేవి.

ఒకరోజు మద్దేనం, ఇంక ఒంట్లో ఓపిక లేక, ఆ డిష్షు కిందనే గోడకానుకొని కూలబడినాను. కూలబడి, డిష్షు చూసే పక్కకే నేను గూడా చూసినాను. రేణిగుంట ట్యాంకు కనపళ్ళా. ఆకులు. నిండుగా, మెరస్తా, గాలికి ఊగే నీలగిరి ఆకులు. అవి ఒక పక్కకి వంగితే వాటి సందులో ట్యాంకు రవ్వంత కనపడి మళ్ళా మూసుకుంటా ఉండింది. రెండు నెలలుగా నేను పెట్టె మొహం చూస్తానే ఉండాను గానీ, పెట్టె చూసే పక్క ఒక్కసారి గూడా చూడలా. ఆడనే తల పట్టుకున్నాను. ఏడుపొచ్చింది, ఏడవలేక నవ్వొచ్చింది.

తోటాయన కాడికి పోయినాను. పెద్దాయన, మంచం మీద కూసోని పలుపు పేనుకుంటా ఉండినాడు. నేను చెప్పిందంతా వినినాడు.

"నెట్టు అంటే గాల్లో పోతాదంటివి గదబ్బోడా, గాల్లో పోయేదానికి సెట్టెందుకు అడ్డమొస్తాది?"

"వస్తాది పెద్దాయనా. ఆకుల్లో ఉండే నీళ్ళు దాన్ని తాగేస్తాయి."

"ఓరి నీ! మరి ఏసేటప్పుడు మోళ్ళు సూడలేదా నువ్వు?"

"చూసినాను."

"మీదే ఊరు? మీ నాయన ఏం సేస్తాడు?"

చెప్పినాను. మా నాయన రైతేనన్నాను. ఆయన పలుపు పక్కన పెట్టి నా మొహం పక్క బాగా చూసినాడు. "సేద్యగాడి కడుపున పుట్టి, నీలగిరి మోడు సూసి, అది అట్నే ఉంటాదనుకుంటివా నాయనా?" అన్నాడు. ఎగతాళి గాదు. నిజంగానే ఆయనకి ఆశ్చర్యంగా ఉండింది.

ఇంకో రెండేండ్లకి గానీ కొట్టనన్నాడు, అప్పటికి గానీ కట్టె లావెక్కదు. తలలు నరకమంటే చెట్టు చెడిపోతాదన్నాడు. ఆయన్ని అనేదానికి నాకు నోరేది? ఆయన చెట్లు ఆయన చేలో పెరిగినాయి.

అక్క మిద్దె మీద డిష్షు పైపు ఇంకో ఇరవై అడుగులు లేపుదామంటే మిద్దె యజమాని ఒప్పుకోలా, గోడ నెర్రెలిచ్చిందన్నాడు. లేపినా గూడా మా పైపు ఉన్నంతే ఉంటాది, చెట్టు ఇంకా పెరగతాది. కేబులాయన మొదట్నుంచీ చెప్పిన టూ పాయింట్ ఫోర్ పెట్టెలు తగిలించి చూసినాము. ఎండపూట కొంచెం బతికింది, మంచు పడితే సచ్చింది. అక్క మరిది అప్పటికే రెండు సార్లు ఫోన్ చేసినాడంట, "ఏమి వదినా, అంగడి నడస్తా ఉండాదా?" అని. మర్యాదగానే అడిగినాడంట.

అప్పుడు మద్రాసులో మాకు సామాన్లమ్మే ఆయన ఇంకో పెట్టె సంగతి చెప్పినాడు. నైన్ హండ్రెడ్. బయటి దేశాల్లో అడవుల్లో వాడతారు, చెట్లు ఉండనీ, గోడలుండనీ, తోసుకొని పోతాది. కాకపోతే మన దేశంలో ఆ బాండు సెల్ ఫోన్ కంపెనీలది. మనం తొక్కగూడదు. తొక్కితే తప్పనేది నాకు బాగా తెలుసు. "పల్లెటూర్లో ఎవురు చూస్తారబ్బా? చెట్లు కొట్టినంక తీసేద్దాం" అన్నాడు కేబులాయన. ఏనాడూ ఆయన మాట విననోణ్ణి, ఆ పొద్దు మాత్రం విన్నాను.

తగిలించినాము. వచ్చింది. ఆకుల్ని లెక్క చెయ్యకుండా, వానని లెక్క చెయ్యకుండా, చక్కంగా వచ్చింది. అక్క నా తల మీద చెయ్యి పెట్టి, "సాధించినావు రా" అనింది. వారం తిరిగేసరికి కుర్చీలు మళ్ళా నిండినాయి. ఆమెకి ఆ బాండు సంగతి నేను చెప్పలా.

పది రోజులకి నేను పోతే కూడలి కాడ టీ అంగడాయన తన ఫోనుని అరచేత్తో కొట్టుకుంటా ఉండాడు. "సూడు సామీ, సిగ్నలు నాలుగు పుల్లలూ నిండుగా ఉండాయి. యా నెంబరు కొట్టినా పోదు. మాకు ఎవురన్నా సేస్తే స్విచ్చాఫ్ అంటా ఉండాదంట" అన్నాడు. ఇంకెవురికైనా అది వింతగా ఉంటాది. నాకు మాత్రం సంగతి అప్పుడే తెలిసిపోయింది. ఆ కూడలి పక్కనే సెల్ టవర్ ఉండాది. టవర్ చెప్పేది ఫోన్లకి వినపడతా ఉండాది, అందుకే పుల్లలు నిండుగా ఉండాయి. ఫోన్లు చెప్పేది మాత్రం టవర్‌కి వినపడదు. ఎందుకంటే దాని చెవి కాడ మా పెట్టె కూసోని అరస్తా ఉండాది. టీ తాగి, "కంపెనీకి కంప్లైంటు ఇయ్యండప్పా" అని చెప్పి మెట్లెక్కినాను. అట్ట చెప్పినందుకు నాకిప్పుడూ సిగ్గే.

ఊరోళ్ళు తెలివైనోళ్ళు. వాళ్ళకై వాళ్ళే ఒకటి కనిపెట్టినారు. కరెంటు పోతే ఫోన్లు పలకతాయి, కరెంటు వస్తే మూగబోతాయి. కరెంటు పోతే మా పెట్టె ఆరిపోతాది, సెల్ టవరు బ్యాటరీల మీద నడస్తాది, అదీ కథ. ఫోన్ చేసుకునే పనుండేవాళ్ళు కూడలిలో కూసోని కరెంటు ఎప్పుడు పోతాదా అని ఎదురుచూసేవాళ్ళు. పోయిందంటే ఒకటే సంబరం, అందరూ ఒక్కసారిగా హలో హలో అని అరిచేది. "యాడన్నా కరెంటు కావాలంటారు గానీ, పోవాలని మొక్కుకునే ఊరు మాదే" అని నవ్వుకునేవాళ్ళు. అక్క గూడా మొదట వాళ్ళతో కలిసి నవ్వింది. నేను నవ్వినట్టు పండ్లు ఇకిలించినాను.

అక్క ఇంటి ఎదురు వరసలో ఒకామె ఉండింది, మొగుడు కువైట్లో డ్రైవరు. శుక్రవారం శుక్రవారం ఆయన ఫోన్ చేస్తాడు. రెండు శుక్రవారాలు రాలా. ఆమె తిండి మానేసింది. మూడో శుక్రవారం పొద్దున్నే వచ్చి అక్క అంగడిలో కూసోని, "ఏమయిందో అక్కా, ఆయనకేదో అయింది, నాకెవురూ చెప్పడంలా" అని వెక్కి వెక్కి ఏడ్చిందంట. అక్క ఆమెని లోపల పడుకోబెట్టింది. ఆ మద్దేనం కరెంటు పోయింది. పోయిన పది నిమిషాలకి ఆమె ఫోను మోగింది. ఆయనే. రెండు వారాలుగా కొడతానే ఉండాడంట.

అక్క చదివింది ఇంటరే గానీ, బుర్రకి తక్కువేమీ లేదు. కరెంటు వచ్చినాక గదిలో ఉండే వస్తువులన్నీ ఒకటొకటిగా ఆర్పి, ఆ ఎదురింటామె చేత ఫోన్ కొట్టించి చూసిందంట. ఫ్యాను ఆర్పింది, కంప్యూటర్లు ఆర్పింది. కడాన మిద్దె మీదికి పోయే వైరు పీకింది. పీకంగానే ఫోను కలిసింది.

నన్ను రమ్మని కబురు పెట్టింది. నేను పోయేసరికి అంగడి తలుపు సగం ఏసుండాది. నైన్ హండ్రెడ్ పెట్టె బల్ల మీద ఉండాది. ఆమే మిద్దెక్కి, ఆమే విప్పి దించుకొచ్చుండాది.

"దీనివల్లనేనా?"

"అవునక్కా."

"నీకు తెలుసా ముందే?"

అబద్ధం నాలిక మీదికి వచ్చింది. ఆమె మొహం చూసి మింగేసినాను. "తెలుసు" అన్నాను.

 నా మీద కోపం చేసుకుంటే బాగుండునని నాకు ఎంత అనిపించిందో! బల్ల మీద ఉండే పెట్టెని నా పక్కకి తోసింది. "ఒకామె మొగుడి గొంతు మింగేసి నేను అన్నం తినాలనా రా?" అనింది.

"రెండేండ్లు, చెట్లు కొట్టేదాకా ఓర్చుకుంటే..."

"నేను ఒక్క రోజు గూడా ఓర్చుకోలేను. నా మొగుడు ఫోన్ చెయ్యడని నాకు తెలుసు గాబట్టి నేను బతకతా ఉండాను. ఆ పిల్లకి తెలీదు గదా."

మా ఇంటికి రమ్మని మళ్ళా అడిగినాను. తల అడ్డంగా ఊపింది. ఇచ్చిన మాటుండాదనింది. ఆ మాటప్పుడు నువ్వు గూడా తలకాయ ఊపినావు గదా అని నన్ను అనలా. అనింటే బాగుండేది.

మూడో రోజు సామాన్లు సర్దినాము. కంప్యూటర్లు మా గోడౌనుకి పంపినాను. బోర్డు దింపినాను. ఆ ఎదురింటామె వచ్చి, సంగతి ఏమీ తెలీక, "ఎందుకక్కా మూసేస్తా ఉండావు, ఇప్పుడు ఫోన్లు గూడా బాగయినాయి గదా" అని బాధపడింది. అక్క ఆమె చెయ్యి పట్టుకొని, "మా వాళ్ళు పిలస్తా ఉండారమ్మా" అనింది.

సత్యవేడు పక్క పొయ్యే బస్సు కోసం కూడలిలో నిలబడినాము. నేను ఇంక ఉగ్గబట్టలేక చెప్పేసినాను. "నన్ను కొట్టక్కా. ఆ మోళ్ళు నా కండ్ల ముందరే ఉండినాయి. లేస్తాయని నాకు తట్టలా."

అక్క ఆ తోట పక్కకి తిరిగింది.

"నాకు తట్టింది రా" అనింది. "మొదటి వానకే చిగుర్లేసినాయి, ఎర్రంగా. మిద్దె మీద గుడ్డలారేసేటప్పుడు రోజూ చూస్తానే ఉంటి. మోకాలెత్తు, నడుమెత్తు, తలెత్తు. నా తమ్ముడు ఇంజనీరు, ఇది లెక్కేసుకోకుండా ఉంటాడా అనుకున్నా. నీకు చెప్పేంతదాన్నా నేనని ఊరుకున్నా."

బస్సు వచ్చింది. సంచి పైకి అందించినాను. కిటికీ కాడ కూసోని, "ఇంకో ఊర్లో ఏసేటప్పుడు ఆ ఇంటి ఆడోళ్ళని ఒక మాట అడుగు రా. మిద్దె మీదికి రోజూ పోయేది వాళ్ళే" అనింది. నేను తల ఊపినాను. బస్సు కదిలిపోయింది.

నేను ఆడనే నిలబడుండాను. జేబులో ఫోను మోగింది. అక్క మరిది.

"వదిన బస్సెక్కిందా బావా? రాత్రి వంటకి అందుకుంటాదా?" అని అడిగినాడు.

ఒక్క ముక్క గూడా తెగకుండా, పక్కన నిలబడి అడిగినట్టు వినపడింది.